వజ్రంలోకి వెళ్లిన వెలుగు ఎటు పోతుంది?

ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "ఇంకా పొదగని విడి వజ్రాలు రెండు చూశాం. రెండూ ఒక్కో క్యారెట్. సర్టిఫికెట్లలో రంగూ ఒకటే, శుద్ధతా ఒకటే. కానీ పక్కపక్కన పెడితే ఒకటి కళకళలాడుతోంది, రెండోది మధ్యలో నల్లగా, నీరసంగా ఉంది. సర్టిఫికెట్ తప్పా, మా కళ్లు తప్పా?"

రెండూ తప్పు కాదు. ఆ రెండు రాళ్లకూ తేడా పెట్టింది కోణం. బహుశా రెండు మూడు డిగ్రీల తేడా, అంతే. వజ్రం గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీనికే ఇస్తాను. క్యారెట్ (అంటే బరువు), రంగు, శుద్ధత, కట్ (అంటే కోత) అనే నాలుగు లక్షణాల పట్టికలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, వాటిని మళ్లీ రాయను. ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: మొదటి మూడూ చాలావరకు భూమి నుంచి వచ్చినవి, నాలుగోది మనిషి చేతి పని. వెలుగును మన కంటికి తిప్పి పంపేది ఆ నాలుగోదే.

"వజ్రం ఎందుకు మెరుస్తుంది?" అన్నది పరీక్షల్లో పాత ప్రశ్న. "సంపూర్ణాంతర పరావర్తనం వల్ల" అని రాస్తే మార్కులు పడతాయి. జవాబు సరైనదే, కానీ పాఠం సరిగ్గా ఆసక్తి మొదలయ్యే చోట ఆగిపోతుంది. గని నుంచి తీసిన ముడి వజ్రానికి కూడా అదే వక్రీభవన గుణకం (వెలుగును ఎంతగా వంచుతుందో చెప్పే సంఖ్య) ఉంటుంది. అయినా అది మెరవదు, దారిలో పడి ఉంటే చాలామంది దాటుకుంటూ పోతారు. మరి సానపట్టినవాడు దానికి ఏం చేశాడు? పిల్లలకు ఒక కోణమానిని, ఒక కాగితం ఇచ్చి కిరణం దారి గీయిస్తే పావుగంటలో తెలిసిపోయే సంగతి ఇది. మనమూ గీసి చూద్దాం.

వజ్రం వక్రీభవన గుణకం దాదాపు 2.417. దాన్నిబట్టి సందిగ్ధ కోణం 24.4 డిగ్రీలు. అంటే లోపల ప్రయాణిస్తున్న కిరణం ఏదైనా ముఖానికి తగిలినప్పుడు, ఆ ముఖం మీది లంబంతో 24.4 డిగ్రీలకు మించి కోణం చేస్తే బయటపడలేదు, మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం అంటే ఇదే. మామూలు గాజుకు ఈ కోణం సుమారు 41 డిగ్రీలు. వజ్రంలో తప్పించుకునే సందు ఎంత చిన్నదో చూడండి.

ఇప్పుడు రౌండ్ బ్రిలియంట్ కట్ తీసుకుందాం. 57 ముఖాలు, అడుగు కొసను కూడా చదును చేస్తే 58. పైన చదునుగా ఉండేది టేబుల్, దాని చుట్టూ వాలుగా ఉండేది క్రౌన్, నడుము గర్డిల్, కింద కొసదేరే భాగం పెవిలియన్. పెవిలియన్ ముఖాలు గర్డిల్ తలంతో 40.75 డిగ్రీలు వాలి ఉన్నాయనుకుందాం. టేబుల్ మీద నిట్టనిలువుగా పడ్డ కిరణం వంగకుండా దిగి పెవిలియన్ ముఖానికి తగులుతుంది. అక్కడ లంబంతో దాని కోణం కూడా 40.75. ఇది 24.4 కన్నా ఎక్కువే కాబట్టి వెనక్కి తిరుగుతుంది. దాదాపు అడ్డంగా, కాస్త పైకి, 8.5 డిగ్రీల ఎత్తులో సాగి ఎదుటి ముఖాన్ని 57.75 డిగ్రీల కోణంలో తాకుతుంది. మళ్లీ తిరుగుతుంది. ఇప్పుడది పైకి వస్తోంది, నిలువు నుంచి 17 డిగ్రీలు వాలి. టేబుల్‌ను లోపలి నుంచి 17 డిగ్రీల కోణంలో తాకితే, అది 24.4 కన్నా తక్కువ కాబట్టి తలుపు తెరుచుకున్నట్టే. గాలిలోకి వస్తూ వంగి, నిలువుకు 45 డిగ్రీల వాలులో బయటపడుతుంది.

వెలుగు ఒక దారిలో వెళ్లగలిగితే అదే దారిలో వెనక్కీ రాగలదు. కాబట్టి మీరు రాయికి సరిగ్గా పైనుంచి చూస్తే, దాని నడిమి భాగంలో మీకు కనబడేది 45 డిగ్రీల వాలులో ఉన్న లోకం: కిటికీ, ఆకాశం, గది పైకప్పు అంచున దీపం. సరిగ్గా వెలుగు ఉండే దిక్కు.

ఇక పెవిలియన్ కోణాన్ని కొంచెం కొంచెం మారుస్తూ పోదాం. ఈ లెక్కలో అంతా ఒక చిన్న సూత్రం మీద నడుస్తుంది: పెవిలియన్ కోణాన్ని 4తో హెచ్చించి 180 నుంచి తీసేస్తే, కిరణం పైకి వచ్చే వాలు తెలుస్తుంది. 40.75కి 17 వచ్చింది. 42 చేస్తే 12 డిగ్రీలు, బయటికి వచ్చాక 30. 43 చేస్తే 8 డిగ్రీలు, బయట దాదాపు 20. రాయిని ముఖానికి దగ్గరగా పట్టుకున్నప్పుడు ఆ 20 డిగ్రీల దిక్కులో ఉండేది మీ నుదురూ జుట్టూ. 45 చేస్తే సున్నా. ఎదురెదురు ముఖాలు రెండూ ఒకదానికొకటి లంబంగా నిలిచి, సైకిల్ వెనక ఉండే ఎర్ర రిఫ్లెక్టర్‌లా వచ్చిన వెలుగును వచ్చిన దారినే పంపేస్తాయి. వెనక కారువాడికి రిఫ్లెక్టర్ ధగధగలాడటానికి కారణం, హెడ్‌లైట్లు అతని కళ్లు ఉన్న వైపు నుంచే వెళ్తాయి కాబట్టి. వజ్రం చూసేవాళ్ల తలకు హెడ్‌లైట్లు ఉండవు. అక్కడున్నది నీడ మాత్రమే. అందుకే రాయి మధ్యలో మీ తల నీడే మీకు నల్లగా కనబడుతుంది. ఈ లోపాన్ని వ్యాపారంలో నెయిల్‌హెడ్ అంటారు. పాఠకురాలు చూసిన రెండో రాయి జబ్బు ఇదేనని నా నమ్మకం.

అటువైపు తగ్గించినా చిక్కే. 39 చేస్తే కిరణం 24 డిగ్రీలతో పైకి వచ్చి, అంచు మీద ఆగినట్టు, బయట 80 డిగ్రీలకు వంగుతుంది. అంటే పైనుంచి చూసే కంటికి టేబుల్‌కు దాదాపు సమతలంలో ఉన్నవే, చాలాసార్లు చీకటిగా ఉన్నవే కనిపిస్తాయి. ఇంకా పలచగా కోస్తే ఆ కిరణం టేబుల్ నుంచి బయటికి రానే రాదు, గర్డిల్ ప్రతిబింబం టేబుల్ లోపల తెల్లటి వలయంలా కనబడుతుంది. దీని పేరు ఫిష్ఐ. చూడండి, 39 నుంచి 43 వరకు నాలుగే నాలుగు డిగ్రీలు. ఆ కాస్త దూరంలోనే రాయి చూపు నేల అంచు నుంచి మన నుదుటి దాకా తిరిగిపోయింది.

1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఇలాంటి లెక్కలనే ఒక పుస్తకంగా ప్రచురించాడు. వజ్రాలు సానపట్టే కుటుంబంలో పుట్టి, ఇంజినీరింగ్ చదివినవాడు. పెవిలియన్ 40.75, క్రౌన్ 34.5 డిగ్రీలు, టేబుల్ వెడల్పు రాయి మొత్తం అడ్డుకొలతలో 53 శాతం అన్నది అతని జవాబు. నన్ను ముగ్ధుణ్ణి చేసేదేమిటంటే, అప్పటికే మంచి పనివాళ్లు చూపుతోనే ఆ కోణాలకు చాలా దగ్గరగా వచ్చేశారు. లెక్క వచ్చి వాళ్ల కంటి నైపుణ్యానికి రుజువు చూపించింది. ఈ సంఖ్యలే వేదం అనుకోనక్కర్లేదు. వెలుగు అన్ని దిక్కుల నుంచీ పడుతుంది, క్రౌన్ ముఖాలు కూడా కిరణాలను వంచుతాయి. పెవిలియన్ కాస్త లోతైతే క్రౌన్ కాస్త తగ్గి సరిచేయగలదు. నేడు 55 నుంచి 58 శాతం టేబుల్ ఉన్న అందమైన రాళ్లు ఎన్నో ఉన్నాయి.

క్రౌన్ వాలు ఎందుకంటే రంగుల కోసం. వజ్రంలో ఎరుపుకు గుణకం 2.407 అయితే ఊదాకు 2.451. తేడా 0.044. లోపలి నుంచి 17 డిగ్రీలతో బయటపడే కిరణంలో ఎరుపు, ఊదా ఒకదానికొకటి సుమారు ఒక డిగ్రీ మాత్రమే విడిపోతాయి. అదే 24 డిగ్రీలతో, సందిగ్ధ కోణం అంచున, బయటపడితే ఏడు డిగ్రీల పైనే విడిపోతాయి. వాలు ముఖాల నుంచి ఏటవాలుగా జారే కిరణాలే ఆ ఎర్రటి, నీలపు మెరుపులను విసురుతాయి. సాంకేతికంగా ఇది విక్షేపణం, వ్యాపారులు ఫైర్ అంటారు.

అదే కోతను గాజుకు పెడితే? మొదటి ముఖం దగ్గరే 40.75 డిగ్రీలు, గాజు సందిగ్ధ కోణం 41. కొద్దిలో తప్పిపోయి వెలుగు కిందికి కారిపోతుంది. చౌక గాజురాళ్ల వెనక అద్దంపూత పూసేది అందుకే. విడి రాయిని అచ్చు కాగితం మీద బోర్లా, టేబుల్ కిందికి వచ్చేలా పెట్టి చూడండి. గాజైతే కింది అక్షరాలు కనబడతాయి. బాగా కోసిన రౌండ్ వజ్రమైతే కనబడవు. అక్షరాలు కనబడనంత మాత్రాన వజ్రమేనని కాదు సుమా. వజ్రంలా కనిపించే మాయిసనైట్ అనే వేరే రాయి గుణకం 2.65, అదీ దాచేస్తుంది. కాకపోతే దాంట్లో వెలుగు రెండు దారులుగా చీలుతుంది కాబట్టి లూప్‌తో (నగల వ్యాపారుల చిన్న భూతద్దంతో) పక్కవాటంగా చూస్తే వెనక ముఖాల అంచులు జంటగీతలుగా కనిపిస్తాయి. ల్యాబ్‌లో పెంచిన వజ్రం సంగతి వేరు. అది నకిలీ కాదు, అదే కార్బన్, అదే గుణకం. దుకాణంలో ముల్లు మొనను తాకించి వేడి ప్రసారం చూసే టెస్టర్ దాన్నీ వజ్రమనే చెబుతుంది. భూమి నుంచి వచ్చిందో ల్యాబ్ నుంచి వచ్చిందో తేల్చడానికి ప్రయోగశాల పరికరాలు కావాలి.

ఇంత తెలిసీ చెడ్డ కోణాల్లో ఎందుకు కోస్తారు? బరువు కోసం. ధర క్యారెట్ లెక్కన కడతారు, 1.00 చేరగానే ఆ రేటు కూడా పెరుగుతుంది. ముడిరాయి నుంచి ఆదర్శ కోణాలు తీస్తే 0.93 వచ్చేచోట, పెవిలియన్ లోతుగా, గర్డిల్ మందంగా వదిలేస్తే 1.00 వస్తుంది. ఆ అదనపు బరువు అడుగున, నడుము దగ్గర దాక్కుంటుంది, పైనుంచి కనబడదు. కాబట్టి క్యారెట్లు చూసేముందు మిల్లీమీటర్లు చూడండి. సరిగ్గా కోసిన ఒక క్యారెట్ రౌండ్ వజ్రం వ్యాసం దాదాపు 6.5 మి.మీ. ఉంటుంది. 6.1 అని ఉంటే మీరు కొనేది కంటికి కనబడని బరువు. వజ్రాలను పరీక్షించి రిపోర్టులిచ్చే అమెరికా సంస్థ జీఐఏ 2006 నుంచి రౌండ్ బ్రిలియంట్లకు కట్ గ్రేడ్ కూడా ఇస్తోంది, రిపోర్టులోని బొమ్మ మీద కోణాలు వేస్తుంది. పెవిలియన్‌ను 0.2 డిగ్రీకి, క్రౌన్‌ను అర డిగ్రీకి సవరించి వేస్తారు కాబట్టి 40.75 అక్కడ 40.8 అవుతుంది.

రంగు గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రంగు లేని రాళ్లకిచ్చే డి, ఇ అక్షరాల కోసం డబ్బు పోయడం కన్నా ఆ డబ్బు కట్ మీద పెట్టండి. పసుపు ఛాయకు ముఖ్య కారణం నైట్రోజన్ పరమాణువులు. రంగు గ్రేడ్ చేసేవాళ్లు రాయిని బోర్లా పెట్టి, పక్కవాటంగా, ప్రమాణ రాళ్లతో పోల్చి చూస్తారు. ఎందుకంటే పైనుంచి చూస్తే మెరుపులు ఆ ఛాయను కప్పేస్తాయి. నిపుణులకే బోర్లా పెట్టాల్సి వచ్చిన తేడా, ఉంగరంలో పెట్టాక ఎవరికి కనబడుతుంది?

శుద్ధత పదిరెట్లు పెద్దదిగా చూపే లూప్ కింద తేల్చేది. మామూలు కంటికి మచ్చ కనబడకపోతే వీఎస్2 (చాలా చిన్న మచ్చలున్న గ్రేడ్) అయినా, చాలాసార్లు ఎస్ఐ1 (చిన్న మచ్చలున్న గ్రేడ్) అయినా చాలు. కానీ మచ్చ ఎక్కడుందో చూడాలి. టేబుల్ కింద లోతుగా ఉన్న ఒకే చుక్క, ఇందాకటి పరావర్తనాల వల్లే, చుట్టూ ఐదారు చుక్కలుగా కనబడవచ్చు. గర్డిల్ దగ్గరి పగులు అంతకన్నా ప్రమాదం. మచ్చ ఉన్న రాయి కీడు చేస్తుందని భయపడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ మచ్చ చాలాసార్లు 150 కిలోమీటర్లకు పైగా లోతులో, వందల కోట్ల ఏళ్ల క్రితం, పెరుగుతున్న వజ్రంలో చిక్కుకున్న గార్నెట్ లాంటి ఖనిజపు స్ఫటికం. భూగర్భ శాస్త్రజ్ఞులు వజ్రం వయసు లెక్కకట్టేది దాంతోనే. అంత లోతు నుంచి చెక్కుచెదరకుండా మన చేతికి వచ్చే సాక్ష్యం ఇంకేముంది?

అసలు వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదన్న నమ్మకం ఇంకా ఘోరం. కాఠిన్యం అంటే గీత పడకపోవడం, దెబ్బకు తట్టుకోవడం కాదు. వజ్రపు స్ఫటికంలో నాలుగు దిశల్లో సులువుగా చీలే తలాలున్నాయి. సుత్తి పరీక్ష మంచి రాయిని పొడి చేస్తుంది. వజ్రం మింగితే విషమన్నదీ కట్టుకథే. కార్బన్‌లో విషం లేదు, కడుపులోని ఆమ్లం దాన్ని ఏమీ చేయలేదు.

చూసే పద్ధతి కూడా చెప్పాలి. దుకాణంలోని స్పాట్‌లైట్ల కింద ప్రతి రాయీ మెరుస్తుంది, ఎందుకంటే ఎటు చూసినా ఏదో ఒక దీపం ఉంటుంది. రాయిని కిటికీ పక్కకు, ఎండ నేరుగా పడని చోటికి తీసుకెళ్లమని అడగండి. ఒక అడుగు దూరంలో పెట్టి చూడండి, తర్వాత ముఖానికి దగ్గరగా తెచ్చి, అటూ ఇటూ మెల్లగా వంచండి. దగ్గరికి తెచ్చేకొద్దీ నడిమధ్య నలుపు కమ్ముకుంటే కోణం గురించి అనుమానించండి. విడి రాయి కొనడంలో లాభం ఇదే: పక్క నుంచీ, బోర్లా పెట్టీ చూడవచ్చు. పొదిగాక పెవిలియన్ సగం లోహంలో దాగిపోతుంది.

కొన్నాక కూడా ఈ కోణాల కథే నడుస్తుంది. వజ్రానికి జిడ్డంటే మహా ఇష్టం, ఇట్టే అంటుకుంటుంది. గాలి బదులు నూనె తగిలి ఉన్నచోట సందిగ్ధ కోణం 24.4 నుంచి 37 దాటుతుంది. 40.75కి మిగిలిన వెసులుబాటు మూడు డిగ్రీలే, కాస్త ఏటవాలుగా వచ్చిన కిరణం ఆ నూనెలోకి జారిపోతుంది. నూనెపొర పలచగా, అద్దంలా చదునుగా ఉంటే పర్లేదు, దాని అవతలి అంచున గాలి తగిలి కిరణం మళ్లీ తిరిగొస్తుంది. నిజంలో అది ఎగుడుదిగుడుగా, సబ్బు మురికీ దుమ్మూ కలిసిన ముద్దగా ఉంటుంది, వెలుగు అందులోనే చెదిరి ఆరిపోతుంది. అందుకే వాడిన ఉంగరంలో రాయి మందగిస్తే పైన తుడిచి లాభం లేదు. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో రాయి అడుగు భాగాన్ని, రాయిని పొదిగిన లోహపు సందుల్లోంచి, రుద్దండి.