ఏళ్ల తరబడి ఆగిన చిన్న ట్రాక్టర్‌ని లేపడం: అపోహలు - వాస్తవాలు

పొదలకూరు, రాపూరు, సైదాపురం వైపు నిమ్మ తోటలున్న రైతులకి చిన్న ట్రాక్టర్ విలువ వేరే చెప్పక్కర్లేదు. పెద్ద బండి చెట్ల కింద దూరదు, దూరినా కాయ కొమ్మలు విరిచేస్తుంది. అందుకే ఏదో తోటలో రేకుల కింద 5, 6 ఏళ్లుగా పడున్న పాత మిత్సుబిషి శక్తి లాంటి మూడు సిలిండర్ల బండి తక్కువకి వస్తుందంటే వెంటనే కొనేస్తున్నారు. కొనడం మంచిదే, ఆ ఇంజిన్లు గట్టివి, సరిగ్గా చూసుకుంటే ఇంకో పదేళ్లు తోట పని చేస్తాయి. నా బాధంతా వేరే. నా రిపేరు షెడ్డుకి వచ్చే ఇలాంటి బండ్లలో ఊరికే నిలబడి పాడైనవి తక్కువ, కొన్న రోజు సాయంత్రానికల్లా ఎట్టాగైనా స్టార్ట్ చేయాలని తొందరపడి పాడు చేసినవే ఎక్కువ. ఆ తొందర వెనకుండే నమ్మకాలు కొన్ని రాస్తున్నా.

అపోహ: ఇంజిన్ పట్టేస్తే గేర్లో వేసి ఇంకో ట్రాక్టర్‌తో లాగితే అదే వదులుతుంది.

వాస్తవం: వదలొచ్చు, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్డు కూడా వంగొచ్చు. అసలు ఎందుకు పట్టేస్తుందో ముందు చూడండి. మన నెల్లూరు వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేదే. నిలువు సైలెన్సర్ మీద డబ్బా బోర్లించకుండా వదిలేసిన బండిలోకి ఆ వాన నీళ్లు గొట్టం గుండా దిగి, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉన్న సిలిండర్లో చేరతాయి. కొన్నాళ్లకి ఆ నీళ్లు ఆరి, లైనర్‌కీ, అంటే సిలిండర్ లోపలి గోడకీ, పిస్టన్ రింగులకీ మధ్య తుప్పు కట్టేస్తుంది. మిగతా రెండు సిలిండర్లు బాగానే ఉంటాయి, ఒక్క దాని వల్ల క్రాంక్ కదలదు. నీళ్లు ఇంకా ఆరకుండా లోపలే ఉంటే అది ఇంకా ప్రమాదం. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. సెల్ఫ్ కొట్టినా, లాగినా ఆ బలమంతా రాడ్డు మీదే పడుతుంది.

పోయిన ఏడాది ఒక రైతు ఇలాంటి బండే తెచ్చాడు. 'ఇద్దరం పట్టి లాగాం అన్నా, టప్ మని శబ్దం వచ్చింది, తర్వాత ఫ్రీ అయింది' అన్నాడు సంతోషంగా. విప్పి చూస్తే ఒక రాడ్డు వంగి, పిస్టన్ లైనర్‌ని ఒక పక్క ఒరుసుకుంటోంది. లాగకుండా తెచ్చి ఉంటే నాలుగైదు రోజుల నానబెట్టడంతో పోయేది, ఆయనకి మొత్తం ఇంజిన్ పని పడింది. ఆ రోజు ఆయన ముఖం చూసి నాకు చాలా కష్టమనిపించింది.

చేయాల్సింది ఇది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మూడూ తీసేయండి, నీళ్లుంటే బయటికి రావడానికి దారి ఉంటుంది. ఒక్కో రంధ్రంలో డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి కొద్దిగా పోసి, గుడ్డ కప్పి వదిలేయండి, రోజూ కాస్త పోస్తూ ఉండండి. మూడు నాలుగు రోజుల తర్వాత గేరు న్యూట్రల్లో పెట్టి, క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి చేత్తోనే అటు కొంచెం ఇటు కొంచెం కదపండి. వెనక్కి తిప్పేటప్పుడు మెల్లగా, లేకపోతే నట్టే ఊడొస్తుంది. దారం మందం కదిలినా చాలు, అక్కడితో ఆపి మళ్లీ ఆయిల్ పోసి మర్నాడు చూడండి. పొడవాటి పైపు తగిలించి బలం పెట్టొద్దు. వారం అయినా కదలకపోతే హెడ్ విప్పడమే, అది తక్కువ ఖర్చు. కదిలి రెండు చుట్లు పూర్తిగా తిరిగాక, నాజిళ్లు ఇంకా బయట ఉండగానే సెల్ఫ్ కొట్టి, పోసిన ఆయిలంతా కక్కించాలి. ఆ రంధ్రాల ఎదురుగా ముఖం పెట్టొద్దు.

అపోహ: ట్యాంకులో డీజిల్ ఉంది కదా, అదే వాడొచ్చు.

వాస్తవం: ట్యాంకు లోపల చెమ్మ పట్టి నీరు అడుగుకి దిగుతుంది, ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురు పెరుగుతుంది. అది డీజిల్ పంపులోకి పోతే పంపు రిపేరు ఖర్చు బండి కొన్న ధరతో పోటీ పడుతుంది. మొత్తం వంచేసి, ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, కొత్త డీజిల్ పోయండి.

ఫిల్టర్ మార్చాక స్టార్ట్ కాకపోతే పంపు పోయిందని కంగారు పడొద్దు, లైన్లో గాలి ఉంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేస్తే బుడగలు వస్తాయి, అవి ఆగి డీజిల్ ధారగా వచ్చాక బిగించి, తర్వాత పంపు దగ్గరి స్క్రూ, ఆఖరుకి నాజిళ్ల దగ్గరి నట్లు, ఈ వరసలోనే గాలి తీయాలి. సెల్ఫ్ పది సెకన్లకి మించి కొట్టకండి, మధ్యలో అర నిమిషమైనా ఆగండి. నాజిల్ డీజిల్ కొట్టే చోట చేయి అడ్డం పెట్టి చూసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది కానీ వేలే తీసేయాల్సి రావొచ్చు, గంటల్లో ఆసుపత్రికి పోవాలి.

అపోహ: ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెడితే ఎలాంటి బండైనా అందుకుంటుంది.

వాస్తవం: పెట్రోల్ ఆవిరి, స్టార్ట్ కావడానికి కొట్టే స్ప్రే కూడా అంతే, పిస్టన్ పైకి రాకముందే అంటుకుని ఎదురు తంతుంది. రింగులు విరుగుతాయి. చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్‌కి ముందు లోపల వేడి చేసే హీటర్ ప్లగ్ ఉంటే మరీ ప్రమాదం. హీటర్ ప్లగ్‌లు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటే గుడ్డ అవసరమే రాదు.

బ్యాటరీ దిగితే లారీ నుంచి కేబుల్ వేయడం ఇంకొకటి. లారీది చాలావరకు 24 వోల్టులు, మీ బండిది 12. సెల్ఫ్, డైనమో, వైరింగ్ అన్నీ కాలిపోవచ్చు.

మొదటి స్టార్ట్ గురించి ఒక్క మాట ఎవరూ చెప్పరు. చాన్నాళ్లు ఆగిన పంపులో, డీజిల్ ఎంత పోవాలో చూసే ర్యాక్ అనే కడ్డీ ఫుల్ డీజిల్ దగ్గరే అతుక్కుని ఉండొచ్చు. అలా ఉంటే ఇంజిన్ అందుకోగానే రేజ్ అయిపోయి, స్టాప్ లాగినా ఆగదు. అందుకే ముందే పంపు లివర్ రెండు వైపులా ఆడుతోందో లేదో చూడండి. గాలి లోపలికి పోయే గొట్టాన్ని పూర్తిగా మూసేసేంత చెక్క ఒకటి పట్టుకుని ఒక మనిషిని నిలబెట్టండి. గుడ్డ పనికిరాదు, లోపలికి లాగేసుకుంటుంది. అరచెయ్యి అసలే వద్దు.

అపోహ: మన ఎండలకి థర్మోస్టాట్ తీసేస్తేనే ఇంజిన్ చల్లగా ఉంటుంది.

వాస్తవం: ఇది మా వృత్తిలో వాళ్లే నేర్పిన తప్పు. థర్మోస్టాట్ అంటే వేడిని బట్టి రేడియేటర్ వైపు నీళ్లు వదిలే మూత, అది చాలా ఇంజిన్లలో 80 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకుంటుంది, ఆ వేడి ఇంజిన్‌కి కావాలి. ఎప్పుడూ చల్లగా నడిస్తే డీజిల్ సరిగ్గా కాలదు, ఆయిల్లో కలుస్తుంది, లైనర్ త్వరగా అరుగుతుంది. వేడెక్కడానికి అసలు కారణం వేరే ఉంటుంది: రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, వదులైన ఫ్యాన్ బెల్టు, లోపల కట్టిన గార. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు పోసిన రేడియేటర్లు విప్పితే గొట్టాల్లో తెల్లటి పొర గట్టిగా కట్టి ఉంటుంది. ఆ నీళ్లలో లవణాలు ఎక్కువ. రేడియేటర్‌కి కూలెంట్ పోయండి, అది తుప్పునీ ఆపుతుంది. థర్మోస్టాట్ మీద అనుమానం ఉంటే దారానికి కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి కాచండి, తెరుచుకుంటే బాగున్నట్టే.

అపోహ: పొగ వస్తోందంటే ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి.

వాస్తవం: మొదటి రోజు పొగ చూసి నిర్ణయించొద్దు. చల్లగా ఉన్నప్పుడు తెల్ల పొగ కాలని డీజిల్, వేడెక్కాక తగ్గాలి. తగ్గకుండా రేడియేటర్లో నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. నల్ల పొగకి ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత నాజిళ్లు. నీలం పొగ ఆయిల్ కాలడమే, కానీ ఆగిన బండిలో రింగులు మసితో అతుక్కుని ఉంటాయి, కొన్ని గంటలు తేలిక పని చేయిస్తే చాలాసార్లు వదులుతాయి. అప్పటికీ తగ్గకపోతే కంప్రెషన్ చూపించండి. పొగ ఆగడానికి చిక్కటి ఆయిల్ పోయడం వైద్యం కాదు. ఏ గ్రేడో ఇంజిన్ పుస్తకంలో ఉంటుంది. ముందు పాత ఆయిల్ మార్చి స్టార్ట్ చేయండి, రెండు మూడు గంటలు నడిచాక మళ్లీ మార్చండి, లోపలి తుప్పు పొడి ఆ రెండో ఆయిల్లో బయటికొస్తుంది.

అపోహ: పాత మోడల్‌కి పార్టులు దొరకవు.

వాస్తవం: బేరింగ్, ఆయిల్ సీల్ బండి పేరుతో అడిగితే 'లేదు' అంటారు. దాని మీదున్న నంబరుతో అడగండి. 6205 అని ఉంటే అది 25, 52, 15 మిల్లీమీటర్ల బేరింగ్, ఏ కంపెనీదైనా అదే కొలత, నెల్లూరులో ఏ బేరింగ్ షాపులోనైనా దొరుకుతుంది. సీల్ మీద 35-52-7 అని ఉంటే లోపలి కొలత, బయటి కొలత, మందం. నంబరు చెరిగిపోతే పాతది పారేయకండి, జేబులో వేసుకెళ్లండి, కొలిచి ఇస్తారు.