కోలుకునే నరం

వనపర్తి, అచ్చంపేట వైపు యాసంగి పల్లి పీకే రోజుల్లో కూలీలు పొద్దంతా గొంతుక్కూర్చునే కాయలు తెంపుతారు. లేచాక కాలు తిమ్మిరెక్కడం మామూలే, నాలుగడుగులు వేస్తే పోతుంది. ఎవరికో ఒకరికి మాత్రం పోదు. పాదం పైకి లేవదు, వేళ్లు నేలకు తట్టుకుంటాయి, చెప్పు జారిపోతుంది. పక్షవాతమేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి కూడా పడిపోయినా ఆ అనుమానంతో వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. పాదం ఒక్కటే లేవకపోతే మాత్రం చాలాసార్లు తప్పు మోకాలి పక్కన ఉంటుంది.

మోకాలికి బయటివైపు, కాస్త కిందుగా తడిమి చూడండి. గుండ్రటి ఎముక బొడిపె తగులుతుంది. సరిగ్గా దాని కిందే, చర్మానికి చాలా దగ్గరగా, ఒక నరం ఎముకను చుట్టి ముందుకు వెళ్తుంది. పాదాన్ని పైకెత్తే కండరాలను నడిపించేది అదే. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అక్కడ నలుగుతుంది.

నరంలో వేల పోగులుంటాయి. లావుపాటి పోగుల చుట్టూ ష్వాన్ కణాలనే తోడు కణాలు చాప చుట్టినట్టు పొర మీద పొరగా చుట్టుకుని ఉంటాయి. కొవ్వు నిండిన ఆ పొరలే మైలిన్. ఒక్కో కణం కప్పేది మహా అయితే మిల్లీమీటరు పైచిలుకు. తర్వాత సన్నని ఖాళీ, ఆపైన ఇంకో కణం. సంకేతం ఖాళీ నుంచి ఖాళీకి దుముకుతూ పోతుంది. మైలిన్ లేని పోగులో సెకనుకు సుమారు 1 మీటరు నడిచే సంకేతం, లావుపాటి మైలిన్ పోగులో 100 మీటర్లు కూడా దాటగలదు.

ఒత్తిడి పడితే ముందు దెబ్బతినేది ఈ మైలినే. ఓచోవా, ఫౌలర్, గిలియట్ అనే పరిశోధకులు 1972లో బబూన్ కోతుల కాళ్లకు బిగుతు పట్టీ కట్టి చూశారు. ఒత్తిడి అంచుల దగ్గర ఒక మైలిన్ ముక్క పక్క ముక్కలోకి చొచ్చుకుపోయింది, సంకేతం అక్కడే ఆగిపోయింది. కానీ లోపలి పోగు తెగలేదు. అలాంటప్పుడు ష్వాన్ కణాలు మళ్లీ మైలిన్ చుట్టుకుంటాయి. కొత్త పొర కొంచెం పలచగా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది. వారాల్లో, మహా అయితే రెండు మూడు నెలల్లో పాదం లేస్తుంది. ఈలోగా మళ్లీ అక్కడ ఒత్తిడి పడకూడదు. నరం పట్టిందని మోకాలి కింద బిగించి కట్టు కట్టించుకోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నలిగిన చోటే మళ్లీ నలుగుతుంది కదా!

కొడవలి తగిలి నరం తెగితే కథ వేరు. తెగిన చోటికి అవతల ఉన్న పోగు కొన్ని రోజుల్లోనే ముక్కలైపోతుందని 1850లోనే అగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త కప్పల్లో చూపించాడు. ఇక్కడ ష్వాన్ కణాలు చేసే పని నాకు ఇప్పటికీ అబ్బురమే. తాము కట్టుకున్న మైలిన్‌ను తామే విరిచేసి, స్వభావం మార్చుకుని, వరుసగా బారులు తీరి కొత్త పోగుకు దారి చూపుతాయి. పాత మైలిన్ చెత్త మిగిలితే ఎదుగుదలకు అడ్డం. వెన్నుపాములో ఆ చెత్త తొలగడానికి చాలా కాలం పడుతుంది. అక్కడ నరాలు మళ్లీ మొలవకపోవడానికి అదీ ఒక కారణం. కాబట్టి తెగిన నరంలో కాపాడుకోవాల్సింది పాత మైలిన్‌ను కాదు, ష్వాన్ కణాల్ని, సమయాన్ని.

కొత్త పోగు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. మోచేతి దగ్గర తెగితే అరచేతి కండరాలకు దాదాపు 30 సెంటీమీటర్లు, అంటే 300 రోజులు. ఏడాది, ఏడాదిన్నర దాటి నరం అందని కండరం ఇక లొంగదు. అందుకే పైన తోలుకు కుట్లు వేయించుకుని ఊరుకోకూడదు. గాయమైన రోజే వేళ్లకు స్పర్శ తెలుస్తుందో లేదో చూసుకోవాలి. తెలియకపోతే నరం కుట్టగల సర్జన్ దగ్గరికి ఆలస్యం లేకుండా వెళ్లాలి.

బీ12 సూది ఆ విటమిన్ తక్కువైనవాళ్లకు నిజంగా మేలు చేస్తుంది, తెగిన నరాన్ని మాత్రం అతికించదు. షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోవాలి, ఎక్కువైన షుగర్ ష్వాన్ కణాలకే చేటు. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు గనక పొయ్యి దగ్గర, వేడినీళ్ల దగ్గర జాగ్రత్త. కీళ్లు బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ మొదటి వారాల నుంచే మొదలవ్వాలి. కాయలు తెంపేటప్పుడు చిన్న పీట వేసుకుని, అరగంటకోసారి లేచి నిలబడితే మోకాలి పక్క నరం మీద ఆ ఒత్తిడి తగ్గుతుంది.