డింకీ కొట్టడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

తెలుగు పాఠాలు చెప్పడం, పిల్లల పేపర్లు దిద్దడం నా పని. పరీక్ష ఫెయిలవడాన్ని వాడుకలో ‘డింకీ కొట్టడం’ అంటాం. ఈ ‘డింకీ’ నాకు చాలా ఇష్టమైన మాట, అందుకే దాన్ని ఎక్కడపడితే అక్కడ తోసేస్తుంటే ఊరుకోలేను.

అపోహ: డింకీ, డుమ్మా ఒకటే.

కాదు. డుమ్మా కొట్టినవాడు అసలు వెళ్లనే లేదు. డింకీ కొట్టాలంటే హాల్లో కూర్చుని, రాసి, పేపరు ఇచ్చి రావాలి.

అపోహ: అత్తెసరు మార్కులంటే ఫెయిలే.

ఇది రోజూ వింటాను. గంజి వార్చే పని లేకుండా బియ్యానికి సరిపడా నీళ్లే పోసి వండితే అది అత్తెసరు. అన్నమైతే ఉడికింది కదా! వందకు 35 వస్తే పాసయ్యే పరీక్షలో 36 తెచ్చుకుంటే అత్తెసరు మార్కులు, 34 దగ్గర ఆగిపోతే డింకీ.

అపోహ: ‘పరీక్ష తప్పాడు’ అంటే తప్పు చేశాడని.

ఈ ఒక్కటి మాత్రం పెద్దవాళ్లు కూడా చదవాలి, ఎందుకంటే ఇంట్లో ఆ మాట పదిసార్లు విని, నేరం చేసినవాళ్లలా తల దించుకునే పిల్లల్ని నేను చూశాను. గురి తప్పుతుంది, రైలు పట్టాలు తప్పుతుంది, కోడలు నెల తప్పిందంటే ఇల్లంతా సంబరం. వీటిలో ఎవరు చేసిన నేరం ఉంది? అనుకున్నది అనుకున్నట్టు జరగలేదు, అంతవరకే ఆ క్రియకు అర్థం.

అపోహ: డింకీ అంటే చదువు రానివాడు.

అది మనిషికి పెట్టే పేరు కాదు. పక్కన ‘కొట్టడం’ ఉంటేనే ఆ మాట నిలబడుతుంది. ఫిజిక్స్‌లో డింకీ కొట్టాడు, సినిమా డింకీ కొట్టింది అంటాం, ఆ ఒక్క ప్రయత్నం గురించే.

అపోహ: రాతలో వాడకూడదు.

ఎవరికి రాస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒకసారి పరీక్షలో స్నేహితుడికి లేఖ రాయమంటే ఒక అబ్బాయి ‘ఒరేయ్, లెక్కల్లో మళ్లీ డింకీ కొట్టాన్రా, నాన్నకి ఇంకా చెప్పలేదు’ అని రాశాడు. నా ఎర్ర పెన్ను అక్కడే ఆగిపోయింది. ‘అనుత్తీర్ణుడనయ్యాను’ అని ఏ స్నేహితుడు రాస్తాడు? పూర్తి మార్కులు వేశాను. అదే హెడ్మాస్టరు గారికి రాసే లేఖైతే ‘ఉత్తీర్ణుణ్ని కాలేకపోయాను’ అనే రాయాలి. ఉత్తీర్ణుడంటే దాటినవాడని అర్థం, సప్లిమెంటరీ రాసి పాసైనవాణ్ని మనం గట్టెక్కాడు అంటామే, అచ్చంగా అదే.