"మందు కొట్టాడు" అంటే ఏ మందు? వాడుక మాటలపై అపోహలు - వాస్తవాలు

రికార్డు చేసిన మాటల్ని విని, రాసి, ఇంగ్లీషులోకి మార్చడం నా వృత్తి. సాక్షుల మాటలు, రోగుల గోడు, ఇంటర్వ్యూలు అన్నీ వస్తాయి. వాడుక మాట దగ్గర పొరబడితే నష్టపోయేది ఆ మాట అన్న మనిషే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సందర్భాన్ని బట్టి అర్థం తెలిసిపోతుంది.

వాస్తవం: ఎవరి సందర్భం? "రాత్రి మందు తాగాడు" అంటే పట్నంలో పెరిగినవాళ్లకు మద్యమే తోస్తుంది. సేద్యం చేసే ఇంటివాళ్లు అదే మాటను పురుగుమందు తాగాడనే అర్థంలో కంగారుగా అంటారు. "మందు కొట్టాడు" కూడా అంతే, చేలో అయితే పిచికారీ, స్నేహితులతో అయితే తాగుడు. "ఏ మందు?" అని అడగడానికి క్షణం పట్టదు. అడగకుండా రాస్తే ఆస్పత్రిలో వైద్యమే దారి తప్పుతుంది.

అపోహ: పక్క మాట చూస్తే చాలు.

వాస్తవం: చాలాసార్లు చాలు. "ఫోన్ లేపేశాడు" అంటే దొంగతనమే. కానీ "వాణ్ణి అయిదింటికే లేపేశారు" అన్న వాక్యం చూడండి. నిద్ర లేపారా, చంపారా? కాగితం మీద తేలదు. గొంతులో విసుగుందా, వణుకుందా అని మళ్లీ వినాలి, ముందు వెనక వాక్యాలూ చూడాలి. ఆడియో లేకుండా టైపు చేసిన కాగితం మాత్రమే ఇచ్చి అనువాదం చేయమంటే నేను ఒప్పుకోను.

అపోహ: ఒకచోట బూతైతే అంతటా బూతే.

వాస్తవం: రాయలసీమలో "తలుపు దొబ్బు" అంటే నెట్టమని. ఇంకోచోట అదే మాటకు ఇంట్లో చీవాట్లు పడతాయి. తెలంగాణలో బొక్క అంటే ఎముక, కోస్తాలో రంధ్రం. "బొక్కలో వేశారు" అంటే మాత్రం జైల్లో పెట్టారని. మాట్లాడేవాళ్ల ప్రాంతం తెలుసుకోకుండా నేను పని మొదలుపెట్టను.

అపోహ: ఇలాంటి మాటలు నిఘంటువుకు తగవు.

వాస్తవం: ఇంగ్లీషులో ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లోనే వీధి మాటలకు నిఘంటువు వేశాడు. మనకూ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల మాటలు సేకరించి 1962లో వ్యవసాయ పదకోశం తెచ్చారు. కుర్రకారు మాటలకూ అంత శ్రద్ధ దక్కాలని నా కోరిక.

ఎంత విన్నా తేలకపోతే అసలు మాటను తెలుగులోనే ఉంచి, పక్కన రెండు అర్థాలూ రాసి, ఏది నిజమో మాట్లాడిన మనిషినే అడగమని పంపినవాళ్లకు చెబుతాను.