ఆప్-ఆంప్ సర్క్యూట్లు: పుస్తకంలో కుదిరి బోర్డు మీద కుదరనివి

విజయనగరంలో ఎలక్ట్రానిక్ కాటాలు, ఉష్ణోగ్రత కంట్రోలర్లు, పీహెచ్ మీటర్లు మరమ్మతు చేసే పనిలో ఉన్న నా దగ్గరకు ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా తమ ప్రాజెక్టు బోర్డులతో వస్తుంటారు. ఆప్-ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫయర్) అంటే చిన్న వోల్టేజిని పెంచే ఐసీ. అది ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే గెయిన్ సూత్రం అందరికీ కంఠతా వచ్చు; చేతిలో ఉన్న ఐసీ ఆ సూత్రాన్ని ఏ హద్దుల వరకు పాటిస్తుందో చెప్పే డేటాషీటును మాత్రం చాలామంది తెరిచి చూడరు. కింది అపోహలన్నీ అక్కడ పుట్టినవే.

అపోహ: 741 ఉంటే ఏ సర్క్యూటైనా కట్టేయవచ్చు.

1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ విడుదల చేసిన 741 అనే ఆప్-ఆంప్‌లో, ఔట్‌పుట్ దానంతటదే ఊగకుండా ఆపే కాంపెన్సేషన్ కెపాసిటర్ లోపలే ఉంటుంది కనుక పాఠం నేర్చుకోవడానికి అది ఇప్పటికీ మంచిదే. అయితే దాన్ని ప్లస్, మైనస్ 15 వోల్టుల సప్లై కోసం తయారు చేశారు. దానికి 5 వోల్టుల సింగిల్ సప్లై ఇచ్చి, డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇచ్చే ఎల్‌ఎం35 సెన్సారును తగిలిస్తే, 30 డిగ్రీల దగ్గర వచ్చే 300 మిల్లీవోల్టులు దాని ఇన్‌పుట్ పనిచేసే పరిధిలోకే రావు. ఎల్‌ఎం358 అనే ఆప్-ఆంప్ ఇన్‌పుట్ గ్రౌండు (సున్నా వోల్టులు) వరకు పనిచేస్తుంది కాబట్టి అక్కడ అదే సరైనది. దాని ఔట్‌పుట్ కూడా పై సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు కిందనే ఆగిపోతుందన్న సంగతి లెక్కలో పెట్టుకోవాలి.

అపోహ: ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్ సున్నా అయినా ఆప్-ఆంప్ చూపే చిన్న తప్పుడు వోల్టేజి) ఎంత ఉన్నా, కాటాను సున్నాకు తెచ్చే టేర్ బటన్ నొక్కితే సరిపోతుంది.

ఈ మాట విద్యార్థులే కాదు, కాటాలు బాగుచేసేవారూ అంటారు. పలాస వైపు జీడి పిక్కల బస్తాలు తూచే 100 కిలోల కాటానే తీసుకుందాం. బరువును వోల్టేజిగా మార్చే లోడ్‌సెల్ సాధారణంగా ఇచ్చిన ప్రతి వోల్టుకు, పూర్తి బరువు దగ్గర 2 మిల్లీవోల్టులు ఇస్తుంది. 5 వోల్టులు ఇస్తే 100 కిలోలకు వచ్చేది 10 మిల్లీవోల్టులే, అంటే కిలోకు 100 మైక్రోవోల్టులు. ఎల్‌ఎం358 ఆఫ్‌సెట్ 2 మిల్లీవోల్టులు ఉంటే అది 20 కిలోలకు సమానం. టేర్ దాన్ని తీసేస్తుంది, నిజమే. అయితే ఆ ఆఫ్‌సెట్ ఉష్ణోగ్రతతో డిగ్రీకి సుమారు 7 మైక్రోవోల్టులు కదులుతుంది. పొద్దున టేర్ చేసిన కాటా రేకుల షెడ్డులో మధ్యాహ్నానికి 15 డిగ్రీలు వేడెక్కితే 105 మైక్రోవోల్టుల తేడా, అంటే కిలోకు పైగా తేడా వస్తుంది. 80 కిలోల బస్తా మీద ఆ కిలో రైతుకు నష్టమో, కొనేవారికి నష్టమో ఆ ఐసీ దయ! ఆఫ్‌సెట్ కొద్ది మైక్రోవోల్టులకు మించని జీరో డ్రిఫ్ట్ ఆప్-ఆంప్ వేయడం, లేదా లోడ్‌సెల్ కోసమే వచ్చే 24 బిట్ల ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చే) చిప్ పెట్టడం దీనికి మందు. అరగంటకోసారి టేర్ నొక్కమని చెప్పడం మరమ్మతు కాదు.

అపోహ: ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌ను ఇన్‌పుట్‌కు తిరిగి కలపడం) తీసేస్తే ఆప్-ఆంప్ మంచి కంపారేటర్ (రెండు వోల్టేజిల్లో ఏది ఎక్కువో చెప్పేది) అవుతుంది.

హీటరు రిలేను నడపడం వంటి నిదానమైన పనికి అవుతుంది, దానికి నేను అభ్యంతరం చెప్పను. రిలే టపటపా కొట్టుకోవడానికి కారణం సాధారణంగా ఐసీ కాదు, హిస్టెరిసిస్ (ఆన్ అయ్యే, ఆఫ్ అయ్యే స్థాయిల మధ్య ఉంచే తేడా) లేకపోవడం. ఔట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కు ఒక పెద్ద రెసిస్టరు వేస్తే ఆగుతుంది. వేగం కావాలంటే ఎల్‌ఎం393 వాడాలి, దాని ఔట్‌పుట్‌కు పుల్-అప్ రెసిస్టరు (ఔట్‌పుట్‌ను సప్లైకి కలిపేది) తప్పనిసరి. అది వేయకుండానే ఐసీ పాడైందని తెచ్చినవారు చాలామంది ఉన్నారు.

అపోహ: గెయిన్ ఎంతన్నది రెసిస్టర్ల చేతిలోనే ఉంటుంది.

741కు గెయిన్ 100 పెడితే బ్యాండ్‌విడ్త్ (ఆ గెయిన్ నిలిచే ఫ్రీక్వెన్సీ హద్దు) సుమారు 10 కిలోహెర్ట్జులకు పడిపోతుంది. స్లూ రేటు (ఔట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం) మైక్రోసెకనుకు అర వోల్టే కాబట్టి, 10 వోల్టుల పీక్ కావాలంటే గెయిన్ ఎంత తగ్గించినా 8 కిలోహెర్ట్జుల దగ్గరే సైన్ వేవ్ త్రికోణంగా మారడం మొదలవుతుంది.

అపోహ: ఆప్-ఆంప్ ఇన్‌పుట్ కరెంటు తీసుకోదు.

శ్రీకాకుళం తీరంలోని రొయ్యల చెరువుల నుంచి వచ్చే పీహెచ్ మీటర్లు చూస్తే ఈ నమ్మకం నిలవదు. గాజు ఎలక్ట్రోడు నిరోధం 100 మెగాఓములు, అంతకు మించి కూడా ఉంటుంది; 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్‌కు వచ్చేది 59 మిల్లీవోల్టులు. 741 తీసుకునే 80 నానోఆంపియర్లు ఆ నిరోధం గుండా పోతే 8 వోల్టులు కావాలి, అంటే కొలత అన్న మాటే లేదు. టీఎల్081 తీసుకునే 30 పికోఆంపియర్లకు తప్పు 3 మిల్లీవోల్టులే, పీహెచ్‌లో 0.05, కానీ అందులో ఉండే జేఫెట్ రకం ట్రాన్సిస్టర్ల ఇన్‌పుట్ కరెంటు ప్రతి 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది కనుక ఎండలో 45 డిగ్రీలకు చేరిన పెట్టెలో అదే 0.2 అవుతుంది. ఎల్‌ఎంసీ6482 వంటి సీమాస్ ఐసీ వేస్తే ఈ బాధ ఉండదు.

అయినా రీడింగు జారుతోందంటే తప్పు ఐసీది కాదు, బోర్డుది. ఉప్పు గాలికి ఇన్‌పుట్ పిన్నుకూ పక్కనున్న సప్లై పిన్నుకూ మధ్య పేరుకున్న తేమ పొర, మిగిలిపోయిన ఫ్లక్స్ కలిసి ఎలక్ట్రోడుతో పోటీపడే రెసిస్టరుగా పనిచేస్తాయి. ఐసీ మార్చే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, బాగా ఆరబెట్టి, మళ్లీ చూడాలి. కొత్తగా బోర్డు గీసేవారు ఇన్‌పుట్ పిన్ను చుట్టూ రాగి గార్డ్ రింగు వేసి దాన్ని ఫాలోయర్ (ఇన్‌పుట్ వోల్టేజినే ఔట్‌పుట్‌లో ఇచ్చే ఆప్-ఆంప్) ఔట్‌పుట్‌కు కలపాలి. రెండువైపులా వోల్టేజి ఒకటే అయినప్పుడు లీకేజి కరెంటు పారడానికి కారణమే ఉండదు.