కవిరాజు డబ్బు, సైన్సు కాలేజీ

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఒక కవి పేరు పెట్టారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ పద్యాలూ నాటకాలూ రాసినవాడు. 1931లో గద్దెనెక్కిన ఈ రాజు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చాడు. 1926లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం అప్పుడప్పుడే కాళ్లూనుకుంటోంది. సైన్సు చదువు ఖర్చుతో కూడిన పని. ల్యాబులు కావాలి, పరికరాలు కావాలి. ఆ ఖర్చు భరించినవాడు నాటకకర్త. జయపురం ఇవాళ ఒడిశాలో, కొరాపుట్ జిల్లాలో ఉంది. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, చిత్రకారుణ్ణీ భౌతికశాస్త్రవేత్తనూ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి జనం ముందు మాట్లాడించే సభలు యూనివర్సిటీ ఊళ్లలో మామూలవుతున్నాయి. పోస్టరు మీద మాత్రం ఇది సరికొత్త ప్రయోగం అని ఉంటుంది. పశ్చిమ దేశాల లెక్కన చూసినా అంత కొత్తదేం కాదు. 1959లో కేంబ్రిడ్జిలో, శాస్త్రవేత్తా నవలాకారుడూ అయిన సి.పి. స్నో, సాహిత్యం వాళ్లూ సైన్సు వాళ్లూ ఒకరి మాట ఒకరికి తెలియని రెండు లోకాలయిపోయారని ఉపన్యాసం ఇచ్చి పెద్ద రచ్చకు తెర తీశాడు. 1966లో న్యూయార్కులో పదిమంది కళాకారులు బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లతో కలిసి తొమ్మిది రాత్రులు ప్రదర్శనలిచ్చారు. రాకెట్ ఇంజినీరుగా మొదలై చిత్రకారుడిగా మారిన ఫ్రాంక్ మలీనా 1968లో పారిస్‌లో లియొనార్డో పత్రిక పెట్టాడు. ఆ పత్రిక వారసత్వంలో 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో మొదలైన సాయంత్రపు గోష్ఠులు తర్వాత చాలా దేశాలకు పాకాయి. ఇప్పుడు మనం చూస్తున్న సభల ముక్కూమొహం అక్కడివే: రెండు మూడు చిన్న ఉపన్యాసాలు, ప్రశ్నలు, చివర టీ.

ఒడిశాలోని ఈ సరిహద్దు జిల్లాల సంగతి వేరు. ఇక్కడ ఈ మాటామంతీకి వేరే దారులున్నాయి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్లు వాటిని మరిచిపోతే అది చరిత్ర తప్పు కాదు.

పద్యం సంగతే చూడండి. పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే గణితవేత్త మహావీరాచార్యుడి గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్క కంఠస్థం కావాలంటే ఛందస్సు కావాలి, అంతే. అష్టావధానం సభలో సమస్యాపూరణం పక్కనే వారగణనం ఉంటుంది. ఫలానా సంవత్సరం ఫలానా తేదీ ఏ వారమో, పద్యం నడుస్తుండగానే అవధాని చెప్పాలి. ఒడిశా వైపు ఖండపడాలో పఠాణి సామంత (1835–1904) వెదురు, కర్రలతో పరికరాలు చేసుకుని ఆకాశాన్ని కొలిచాడు. ఆ కొలతలను సంస్కృత శ్లోకాల్లో కూర్చాడు. ఆ గ్రంథం 1899లో కలకత్తాలో అచ్చయింది. పండితసభకు శ్లోకంలో వచ్చిన గ్రహగణితం వింతగా తోచలేదు. అయితే ఆ సభ రాజుగారిది, అగ్రహారానిది. కొండమీది సవర గిరిజనుడికీ సముద్రం మీది జాలరికీ అందులో పీట లేదు.

ఆ పీట గురించి మొదట పట్టించుకున్నవాడు పర్లాకిమిడి బడిపంతులు. గిడుగు రామమూర్తి 1880లో అక్కడి రాజావారి స్కూల్లో చేరాడు. చుట్టుపక్కల కొండల నుంచి దిగివచ్చే సవరల మాట విని, ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. సవర పిల్లల కోసం బళ్లు నడిపాడు. 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. వ్యావహారిక భాషోద్యమంలో ఆయన పేరు అందరికీ తెలుసు గానీ, ఆ వాదనకు సవర కొండలతో ఉన్న చుట్టరికం గురించి తక్కువ మాట్లాడతాం. బతికున్న మాటను చెవితో విని శాస్త్రంగా రాసుకున్నవాడికి, తెలుగు పిల్లాడికి చచ్చిన రూపాల్లో పాఠం చెప్పడం ఎంత తలకిందుల పనో తెలియక ఎలా ఉంటుంది? అదే కాలంలో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి (1906) తెలుగులో సైన్సు పుస్తకాలు వేయడం మొదలుపెట్టింది. దాని వెనక ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు నాగపూర్‌లో పెరిగి, మరాఠీ పత్రికలకు రాసి, అక్కడి ఒరవడి ఇక్కడికి తెచ్చినవాడు. సరిహద్దుల దగ్గరి మనుషులకే ఈ పని ఎందుకు తట్టిందన్నది ఆలోచించదగ్గ విషయం. రెండు భాషల మధ్య బతికేవాడికి ఒక సంగతిని ఇంకో మాటలో చెప్పుకోవడం రోజూ ఉండేదే.

గంజాంలోని బరంపురానికి మరో సౌకర్యం ఉంది. అది మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే రైలు దారిలో ఉంది. 1898లో బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు వృక్షశాస్త్రం చదివి, కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు దగ్గర పనిచేసి, యూరప్ వెళ్లి పరిశోధన చేసి, ఆ తర్వాత ‘అతడు–ఆమె’ నవల రాశాడు. పిమ్మట మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగు చేశాడు. మొక్కల శాస్త్రవేత్త ఆడామగా సంబంధాల మీద తెలుగులో ముఖ్యమైన నవల రాయడం ఎవరికైనా విడ్డూరంగా తోస్తే, ఆయన పనిచేసిన చోటు ఎలాంటిదో చూడాలి. బోసు 1917 నవంబరు 30న తన పరిశోధనాలయాన్ని తెరిచినప్పుడు దానికి ప్రారంభగీతం రాసింది టాగోరు. ఉపన్యాసశాలలో బొమ్మలు వేసింది నందలాల్ బోసు. నాడీస్పందన గురించి, మొక్క ఎదుగుదల గురించి జనానికి ఉపన్యాసాలు ఆ బొమ్మల మధ్యే జరిగాయి. అక్కడ చిత్రకారుడు ఒక సాయంత్రానికి వచ్చిపోయే అతిథి కాడు. గోడ ఆయనదే.

ఆ గోడ సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత వచ్చిన సభల్లో కళాకారుడి చోటు మారిపోయింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. గంజాంలో పెద్దభాగం, పర్లాకిమిడి పట్నం, జయపురం జమీను అటు చేరాయి. పర్లాకిమిడి ఒడిశాలో కలవడం గిట్టని గిడుగు ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయాడు. చిత్రం, అదే 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశాడు. పంతులు వెళ్లిన ఏడాదే కొండకు అక్షరాలొచ్చాయి. తెలుగువాళ్ల మటుకు నా అంచనా ఇది: మైనారిటీ అయిన భాష ముందు తన పండుగనూ కవిత్వాన్నీ కాపాడుకుంటుంది, సైన్సును రాష్ట్రభాషకూ ఇంగ్లీషుకూ వదిలేస్తుంది. ఉగాది కవిసమ్మేళనం నిలిచింది. విజ్ఞాన చంద్రిక తరహా ఆశ నిలవలేదు.

వీధిలోకి సైన్సు మళ్లీ పాటగా వచ్చింది, కానీ కేరళ మీదుగా. 1962లో మొదలైన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో శాస్త్ర కళాజాతాలు నడిపింది: ఊరూరా నాటికలు, పాటలు, బొమ్మలు. దాన్ని చూసి 1987లో భారత జన విజ్ఞాన జాతా అయిదు దిక్కుల నుంచి బయల్దేరింది. గాంధీ జయంతినాడు మొదలై, సి.వి. రామన్ పుట్టినరోజు నవంబరు 7న భోపాల్ చేరింది. చివరి మజిలీ భోపాల్ కావడం కాకతాళీయం కాదు. 1984 విషవాయువు గాయం అప్పటికింకా పచ్చిగా ఉంది. మరుసటి ఏడాది ఆంధ్రలో జన విజ్ఞాన వేదిక పుట్టింది. జాతాలు చేసిన మేలు చాలా పెద్దది. చేతబడి భయం, గ్రహణం భయం మీద వాళ్లు కట్టిన నాటికలు చూసి పెరిగిన తరం ఒకటుంది. లోపం కూడా చెప్పాలి. చెప్పాల్సిన మాట ముందే తేలిపోయి ఉండేది. కళాకారుడి పని దాన్ని మోసుకెళ్లడం. డప్పు కొట్టినవాడు శాస్త్రవేత్తను అడ్డుప్రశ్న వేసే ఏర్పాటు అందులో తక్కువ.

ఇప్పటి సభల్లో అడ్డుప్రశ్నకు చోటుంది, మరో చిక్కు వచ్చిపడింది. బరంపురంలో 1967 నుంచి విశ్వవిద్యాలయం ఉంది. 2016లో కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ ఐసర్ వచ్చింది. కొరాపుట్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. జయపురంలో స్వామినాథన్ ఫౌండేషన్ కేంద్రం వరి వంగడాల మీద పనిచేస్తోంది. సైన్సుకు ఇంత బలం ఈ ప్రాంతానికి మునుపెన్నడూ లేదు. క్యాంపస్ మాట మాత్రం ఇంగ్లీషు. పిలిచిన కళాకారుడు కూడా ఇంగ్లీషులో తన పని గురించి చెప్పుకోగలిగినవాడై ఉండాలి. అప్పుడు సవర ఇంటి ఎర్రమట్టి గోడ మీద పిండితో పూర్వీకుల కోసం బొమ్మ వేసేవాళ్లు వడపోతలో పోతారు. వాళ్ల బొమ్మ మాత్రం పోస్టరు అంచుకు డిజైనుగా వస్తుంది. వందకు పైగా రకాల దేశవాళీ వరిని కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్న కొరాపుట్ రైతు కమలా పూజారి బడికెళ్లి చదువుకున్న మనిషి కాదు. 2024లో కన్నుమూసిన ఆమెను ఏ కుర్చీలో కూర్చోబెట్టేవారు, కళాకారిణిగానా, శాస్త్రవేత్తగానా? ఈ ప్రశ్నకు నిర్వాహకులు తికమక పడతారంటే తప్పు ఆమెది కాదు, కుర్చీలది.

గంజాం తీరం దగ్గర ఇదే చిక్కు ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలల్లో, కొన్నేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి తెలిసింది 1994లో. పొడంపేట లాంటి ఊళ్లలోని తెలుగు జాలర్లకు అది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. గుడ్డు నుంచి ఆడపిల్ల వస్తుందా మగపిల్ల వస్తుందా అన్నది ఇసుక వేడిని బట్టి ఉంటుంది: వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. కళాకారులకూ ఈ తీరం మీద మోజు ఉంది, తాబేలు సైకతశిల్పాలకు ఇష్టమైన బొమ్మ. జాలర్లకు మొక్కులూ ఉన్నాయి. కూర్మావతారం గుడి శ్రీకూర్మం ఇక్కడికి దక్షిణాన, శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. అంటే శాస్త్రం, శిల్పం, భక్తి మూడూ ఒకే ఒడ్డున ఉన్నాయి. వాటితోపాటు ఒక ప్రభుత్వ ఉత్తర్వూ ఉంది. ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా నదీముఖం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం.

కాబట్టి ఆ ఒడ్డున, జాలరి మాట్లాడే తెలుగులో సభ పెడితే, మొదటి చెయ్యి లేచేది ఇసుక వేడి గురించి అడగడానికి కాదు. ఏడు నెలలు వల వేయకుండా ఇల్లెలా గడపాలని అడుగుతారు. చిత్రకారుడి పక్కన, జీవశాస్త్రవేత్త పక్కన, మత్స్యశాఖ అధికారికి కూడా ఒక కుర్చీ వేయాల్సి వస్తుంది.