దళసరి బట్ట ఎక్కడ నేశారన్నదే పేచీ

బంగ్లాదేశ్ 2026 నవంబర్ 24న బాగా వెనుకబడిన దేశాల (ఎల్‌డీసీ) జాబితా నుంచి బయటికి రావాలని ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2021లో తీర్మానించింది. ఆ గడువు చుట్టూ పాత తగవు మళ్లీ రాజుకుంది. బయటి దేశంలో నేసిన బట్టతో కుట్టినా సుంకం రాయితీ దక్కాలా అన్నదే ఆ తగవు. జీన్స్ కుట్టేవాళ్లు ఒకవైపు, ఆ బట్ట నేసేవాళ్లు మరోవైపు.

బట్టల దిగుమతులపై 1974 నుంచి నడిచిన కోటాల కథ, 2005 జనవరి 1న అవి ఎత్తేయడం, చైనా సరుకు పోటెత్తడం అందరికీ తెలిసినవే. దళసరి నేత బట్ట వరకు నన్నడిగితే, లెక్కలు తారుమారైన రోజు 2011 జనవరి 1.

దళసరి అంటే ఎంత? కస్టమ్స్ వాళ్ల పట్టికలో 5209 అనే శీర్షిక ఉంది. కనీసం 85 శాతం పత్తి ఉండి, చదరపు మీటరుకు 200 గ్రాములు దాటిన నేత బట్ట దాని కిందికి వస్తుంది. డెనిమ్ అందులోదే. 2011 దాకా ఎల్‌డీసీ దేశాల ప్యాంటు యూరోపియన్ యూనియన్‌లోకి సుంకం లేకుండా వెళ్లాలంటే, నూలు ఎక్కడిదైనా బట్ట మాత్రం అక్కడే నేసి, అక్కడే కుట్టాలి. 2011లో ఆ షరతు సడలించారు. చైనాలో నేసిన బట్ట తెచ్చి కుట్టినా చాలు, మామూలుగా పడే 12 శాతం సుంకం మాఫీ.

దీంతో కొత్త ఆర్డర్లు, ఉద్యోగాలు వచ్చాయని కుట్టు ఫ్యాక్టరీల వాదన. అది నిజమే. నేతమిల్లుల బాధ అర్థం కావాలంటే మాత్రం డెనిమ్ ఎలా తయారవుతుందో ఒకసారి చూడాలి. వందలాది పడుగు పోగులను లావుపాటి తాడులా కట్టగట్టి నీలిమందు తొట్టెలో ముంచుతారు. పైకి తీయగానే నూలు పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాకే నీలమవుతుంది. అలా పలుమార్లు ముంచి, గాలికి పట్టి తీస్తేనే ముదురు రంగు ఎక్కుతుంది. ఆ తాడును మళ్లీ పోగులుగా విడదీసి, గంజి పట్టించి మగ్గానికి ఎక్కిస్తారు. అడ్డంగా నేసే పేక తెల్లగానే ఉంటుంది కాబట్టి బట్ట లోపలివైపు తెల్లగా కనిపిస్తుంది. దీనికి భారీ పెట్టుబడి, నీళ్లు, కరెంటు, చేయితిరిగిన పనివాళ్లు కావాలి. కుట్టుమిషన్లను ఇంకో ఊరికి తరలించవచ్చు, రంగు తొట్టెలను తరలించలేరు. బయటి బట్టకూ అదే రాయితీ దక్కుతుంటే ఇంత ఖర్చు పెట్టి మిల్లు ఎందుకు పెట్టాలన్నది వాళ్ల ప్రశ్న. దానికి సూటిగా జవాబు చెప్పినవాళ్లు తక్కువ.

అమెరికా వేరే దారి పట్టింది. కెనడా, మెక్సికోలతో కుదుర్చుకున్న 1994 నాటి వాణిజ్య ఒప్పందం నాఫ్టాలో ఆ ప్రాంతపు నూలుతోనే బట్ట నేయాలని పెట్టింది. అంత కట్టుదిట్టం చేసినా అమెరికాలోని గ్రీన్స్‌బరోలో 1905 నుంచి నడిచిన వైట్ ఓక్ డెనిమ్ మిల్లు 2017 చివర్లో మూతపడింది. నిబంధన ఒక్కటే మిల్లును నిలబెట్టదని ఒప్పుకోవాలి. కానీ మిల్లు కట్టాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం నిబంధన చూసే తీసుకుంటారు.

ఇప్పుడు లెక్క ఇంకా వెనక్కి, పొలం దాకా పోయింది. 2022 జూన్ 21 నుంచి అమల్లో ఉన్న అమెరికా చట్టం ప్రకారం చైనాలోని షింజియాంగ్ ప్రాంతపు పత్తి కలిసిన సరుకును వెట్టిచాకిరీతో చేసినదిగానే చూస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది దిగుమతిదారే. చైనా పత్తిలో దాదాపు 90 శాతం షింజియాంగ్‌దే. అంటే చైనా నుంచి బట్ట తెచ్చి కుట్టేవాళ్లు పత్తి ఏ పొలంలో పండిందో కాగితాలు చూపించాలి. సొంతంగా నూలు కొని నేసుకునే మిల్లుకు ఆ కాగితాలు కూడగట్టడం కొంత తేలిక.

జాబితా నుంచి బయటికొచ్చాక కూడా యూరప్ మూడేళ్లు వెసులుబాటు ఇస్తుంది. ఆ తర్వాత జీఎస్పీ ప్లస్ అనే మరో యూరప్ సుంకం రాయితీ దక్కినా పాత షరతే తిరిగొస్తుంది, నేత కూడా అక్కడే జరగాలి. టీషర్టుల్లాంటి అల్లిక బట్టల్లో బంగ్లాదేశ్‌కు పెద్ద టెన్షన్ లేదు, ఆ బట్ట చాలావరకు అక్కడే తయారవుతుంది. నేత బట్ట ఇప్పటికీ భారీగా బయటినుంచే వస్తోంది.